కమల వరిలో బాక్టీరియా జన్యువు ఉందా?

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి వంగడాలను విడుదల చేశారు. వాటిలో ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100. దానికే కమల అని పేరు. సాంబ మసూరిని తీసుకుని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని తయారుచేసింది. అప్పటి నుంచి ఫోన్లలో ఒక ప్రచారం తిరుగుతోంది. ఇది దొడ్డిదారిన వచ్చిన జీఎం బియ్యమట (అంటే బయటి జన్యువు చేర్చినదట), ఇందులో బాక్టీరియా జన్యువు ఉందట, తింటే మన డీఎన్ఏ మారుతుందట, రైతు విత్తనం దాచుకోలేడట, బజార్లో దొరికే సాంబ మసూరి ఇప్పటికే ఇదేనట. రోజూ తినే అన్నం మీద భయం పుట్టించే మాటలివి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట బాక్టీరియా జన్యువు. వరిలో సీకేఎక్స్2 అనే జన్యువు ఉంది. సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైము దీని నుంచే తయారవుతుంది. వరి వెన్ను (కంకి) రూపుకట్టే దశలో ఆ ఎంజైము తగ్గితే సైటోకైనిన్ నిలుస్తుంది, పూలు పెరుగుతాయి, గింజలూ పెరుగుతాయి. జపాన్‌లో మోటోయుకి అషికారి బృందం 2005లోనే ఈ సంగతి బయటపెట్టింది. వెన్నుకు ఎక్కువ గింజలు పట్టే హబటాకి అనే వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందగించి ఉందని వాళ్లు చూపించారు. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలో ఉన్న అదే జన్యువును, డీఎన్ఏను కోరిన చోట కోసి మార్చే క్రిస్పర్ అనే పద్ధతితో మార్చారు. అంటే మార్పు వరి సొంత జన్యువులోనే జరిగింది.

మరి బాక్టీరియా మాట ఎందుకొచ్చింది? డీఎన్ఏను కోసే కత్తెర లాంటి క్యాస్ ప్రొటీను బాక్టీరియాదే. దాన్ని తయారుచేసే జన్యువును మొదటి తరం మొక్కలోకి పంపిస్తారు. అంతవరకు నిజం. అయితే ఆ జన్యువు ఒక్కచోట చేరి ఉంటే, ఆ మొక్క తనలో తాను పరాగ సంపర్కం చేసుకున్నప్పుడు పిల్ల మొక్కల్లో దాదాపు నాలుగో వంతుకు అది రాదు. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసిన సూత్రమే ఇది. సవరణ నిలిచి, కత్తెర జన్యువు లేని మొక్కలను డీఎన్ఏ పరీక్షతో ఏరి, వాటి విత్తనమే ముందుకు తీసుకెళ్తారు. ప్రచారం చేసేవాళ్లు ఈ ఏరివేతను పూర్తిగా వదిలేస్తున్నారు. బీటీ పత్తి సంగతి వేరు. అందులో బాక్టీరియా జన్యువును మొక్కలో ఉంచడమే అసలు ఉద్దేశం.

దొడ్డిదారి అన్నది ఇంకో ఆరోపణ. పర్యావరణ శాఖ 2022 మార్చి 30న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బయటి డీఎన్ఏ మిగలని సవరణ మొక్కలకు జీఎం పంటల నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఉంది. ఆ ఉత్తర్వు బహిరంగంగానే వచ్చింది. అది సరైనదా కాదా అని వాదించవచ్చు, వాదించాలి కూడా. బయటి డీఎన్ఏ లేదని చూపే పరీక్షల వివరాలు జనం ముందు పెట్టమని అడిగేవాళ్లతో నేనూ గొంతు కలుపుతాను.

తింటే మన డీఎన్ఏ మారడం జరగని పని. పప్పు, కూర, పండు, చేప అన్నిట్లోనూ డీఎన్ఏ ఉంటుంది. పొట్ట, పేగులు దాన్ని ముక్కలు చేసి అరిగిస్తాయి.

విత్తనం విషయంలో రైతుకు అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు. కమల హైబ్రిడ్ కాదు, ఏటా కొత్త విత్తనం కొనాల్సిన రకం కాదు. మామూలు సాంబ మసూరి (బీపీటీ)లాగే గింజ దాచుకుని మళ్లీ నారు పోసుకోవచ్చు. 2001 నాటి మొక్కల వంగడాల రక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ విత్తనం దాచుకోవడానికి, తిరిగి విత్తడానికి, మార్చుకోవడానికి రైతుకు హక్కు ఇచ్చింది. మొలకెత్తని టెర్మినేటర్ విత్తనాలకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషనే దొరకదు.

ఇక బజార్లో దొరికే సాంబ మసూరి. బీపీటీ 5204 బాపట్లలో మామూలు సంకరంతో పుట్టి 1986లో విడుదలైంది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, వరి పరిశోధన సంస్థ కలిసి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. మూడూ వరి జాతుల నుంచే. వాటిలో ఎక్స్ఏ21 ఒక ఆఫ్రికా అడవి వరిది. పని జరిగింది సంకరంతోనే. ఏ మొక్కలో మూడూ చేరాయో గుర్తుపట్టడానికి మాత్రమే డీఎన్ఏ మార్కర్లు వాడారు. అది జీఎం కాదు, జన్యు సవరణా కాదు. పేర్లలో సాంబ ఉంది కదా అని మూడింటినీ ఒకే గాటన కట్టేశారు.

అడగాల్సిన ప్రశ్నలు ఇంకోచోట ఉన్నాయి. సాంబ మసూరి కన్నా కమల 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని, దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందని అధికారికంగా చెప్పారు. ఆ దిగుబడి లెక్కల మీద విమర్శలు వచ్చాయి. పరీక్షలు జరిగిన ఒక్కో కేంద్రం అంకెలనూ, బాగా పండని చోట్లతో సహా, రైతులకు అర్థమయ్యేలా తెలుగులో ఇవ్వాలి. క్రిస్పర్ మీద కీలక పేటెంట్లు విదేశీ సంస్థలకు ఉన్నాయి కాబట్టి లైసెన్సు షరతులు ఏమిటో, ఆ ఖర్చు విత్తనం ధరలో పడుతుందో లేదో కమల విత్తనం ఊళ్లకు చేరకముందే ప్రకటించాలి.