బండ్లను ఎత్తించమంటున్న సందేశానికి ఒక మడిగెదారుడి జవాబు

గత పదిహేను రోజుల్లో ఒకే సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. పంపినవారిలో మా వ్యాపారుల గ్రూపు మిత్రులున్నారు, నాతో చదువుకున్నవారున్నారు, చివరికి మా బావగారు కూడా ఉన్నారు. "వరంగల్ పన్ను చెల్లింపుదారులారా, మేల్కొనండి" అని మొదలయ్యే ఆ సందేశం సారాంశం ఇది: టిఫిన్ బండ్లు, ఫుడ్ ట్రక్కులు చట్టవిరుద్ధం, వాటిని నోటీసు లేకుండా ఎప్పుడైనా ఎత్తేయవచ్చు, వాళ్లు రూపాయి పన్ను కట్టరు, వాళ్ల తిండికి లైసెన్సు ఉండదు, వాళ్లంతా బయటివాళ్లు, ఫుట్‌పాత్ నడిచేవారిది, జీఎస్టీ వచ్చాక మన దుకాణాల బోర్డుల జోలికి వచ్చే హక్కు కార్పొరేషన్‌కు లేదు కాబట్టి నోటీసు వస్తే చింపేయండి, బండి కనబడితే ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి.

నేను హన్మకొండలో మడిగె కిరాయికి తీసుకుని పదహారేళ్లుగా స్టేషనరీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. కిరాయి, ట్రేడ్ లైసెన్సు, బోర్డు, ఈ మూడింటి బరువూ నాకు తెలుసు. ఈ సందేశం నా వంటి వాడి పక్షాన మాట్లాడుతున్నట్టు చెప్పుకోవడం వల్లనే నాకు కోపం ఎక్కువగా వచ్చింది.

"బయటివాళ్లు" అన్న మాటకు ఎక్కువ సమయం ఇవ్వను. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును, నచ్చిన వృత్తి చేసుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో ప్రతి పౌరుడికీ ఇచ్చింది. సూరత్‌లో, భివండీలో మన ఓరుగల్లు నేత కార్మికులు ఎన్ని తరాలుగా బతుకుతున్నారో తెలిసిన ఊరిలో ఈ మాట పుట్టడమే విచారకరం.

పన్ను సంగతి కూడా అంతే. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదన్న పరిమితి హోటల్ పెట్టినవారికీ బండి పెట్టినవారికీ ఒకటే. బండి మీద వాడే కమర్షియల్ సిలిండరుపై 18 శాతం జీఎస్టీ ఆ బండి యజమాని కట్టే తెస్తాడు, అది తిరిగి రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. "చట్టవిరుద్ధం, నోటీసు అక్కరలేదు" అన్న మాట తప్పు మాత్రమే కాదు, దాన్ని నమ్మినవారి చేతుల్లో ఒక కుటుంబం పొయ్యి ఆరిపోయే మాట. వీధిలో అమ్ముకోవడం సహేతుకమైన పరిమితులకు లోబడిన వృత్తి స్వేచ్ఛేనని సుప్రీంకోర్టు సోదాన్ సింగ్ కేసులో 1989లోనే చెప్పింది. ఆ తర్వాత పార్లమెంటు 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం చేసింది. సందేశం రాసినవారు ఆ చట్టం పేరు కూడా ఎత్తలేదు. దాని 3వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లకొకసారైనా సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి వెండింగ్ సర్టిఫికెట్లు, అంటే వీధిలో అమ్ముకోవడానికి అనుమతి పత్రాలు, ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ తొలగించడానికి వీల్లేదు. సర్టిఫికెట్ ఉన్నవారిని దానిలో రాసిన చోటు నుంచి కదిలించాలంటే 18వ సెక్షన్ ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు తర్వాత కూడా కదలకపోతే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు గాని, తీసుకున్న ప్రతి వస్తువుకూ జాబితా రాసి, సంతకం చేసిన ప్రతిని ఆ మనిషి చేతికివ్వాలి. చెడిపోయే సరుకును అడిగిన రోజే, మిగిలినదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. సర్వే, సర్టిఫికెట్ల పంపిణీ సక్రమంగా ముగిసిన చోట సర్టిఫికెట్ లేకుండా అమ్మేవారిని తొలగించే అధికారం ఉందన్న మాట నిజమే; అది ఒప్పుకుంటాను. కానీ సందేశం ఆ తేడా చెప్పదు, అందరినీ ఒకే గాటన కడుతుంది.

ఈ సెక్షన్లు నేను సరదాకు చదవలేదు. రెండేళ్ల కిందట మా వీధి మలుపులో జొన్నరొట్టెలు చేసే అక్క బండిని ఒక సాయంత్రం ఎత్తుకెళ్లారు. పెనం, పొయ్యి, సిలిండరు, అప్పుడే పట్టించి తెచ్చిన పిండి, అన్నీ లారీ ఎక్కాయి. జాబితా లేదు, సంతకం లేదు. "కార్డు సూపెట్టిన గూడ ఇనలే అన్నా" అని ఆమె నా దుకాణం మెట్ల మీద కూర్చుని చెప్పింది. తొమ్మిది రోజుల తర్వాత పెనం, పొయ్యి వచ్చాయి. సిలిండరు రాలేదు, పిండి ఎలాగూ పోయింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె రోజువారీ ఫైనాన్సు వాయిదా ఆగలేదు. ఆ బండి మీద ఫిర్యాదుకు జోడించిన ఫొటో మా వ్యాపారుల గ్రూపులో తిరిగినదే అని నాకు ఆ తర్వాత తెలిసింది. నేను దాన్ని చూశాను, ఏమీ అనలేదు. "ఫొటో తీసి పెట్టండి" అన్న చివరి వాక్యం ఎంత పని చేస్తుందో చూసినవాడిని కాబట్టి ఈసారి ఊరుకోలేకపోతున్నాను.

"రద్దీ అవుతుంది, చెత్త అవుతుంది" అనేవారికి కూడా ఆ చట్టంలోనే జవాబుంది. రద్దీ ఒక్కటే కారణంగా ఏ చోటునూ అమ్మకాల నిషేధ ప్రాంతంగా ప్రకటించరాదని దాని షెడ్యూలు చెబుతోంది. పారిశుద్ధ్య సమస్యకు పూర్తిగా వీధి వ్యాపారులే కారణమై, స్థానిక సంస్థ తన చర్యలతో దాన్ని సరిచేయలేని పరిస్థితి ఉంటే తప్ప అదీ కారణం కారాదు. నగర జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు కల్పించాలన్నది కూడా ఆ చట్టంలోని మాటే. 2011 లెక్కల ప్రకారమే 8 లక్షలు దాటిన మన గ్రేటర్ వరంగల్‌కు అది సుమారు 20 వేల మంది. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు అన్న చర్చకు కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే కావాలి. మనకు అభ్యంతరం ఉంటే అక్కడ చెప్పుకోవాలి, ఫొటోలతో కాదు. 2020 నుంచి స్వనిధి పథకం కింద ఇదే వీధి వ్యాపారులకు కేంద్ర ప్రభుత్వం బ్యాంకుల ద్వారా అప్పు ఇప్పిస్తోంది. చట్టవిరుద్ధమైన పనికి ఏ ప్రభుత్వమైనా పెట్టుబడి ఇప్పిస్తుందా?

ఆహార భద్రత విషయంలో సందేశం సగం దారిలో ఆగింది. 2006 ఆహార భద్రతా చట్టం కింద చిన్న వ్యాపారికి లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్ కావాలి. అది లేనివారు చాలామంది ఉన్నారు, కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచేవారూ ఉన్నారు. వారిని తనిఖీ చేయాలి, రిజిస్టర్ చేయించాలి. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగి వెంట వచ్చిన మనిషి ఉదయం ఆరింటికి ఇడ్లీ తినాలంటే ఆ బండి ఉండాలి, అది శుభ్రంగానూ ఉండాలి.

బోర్డుల గురించి మాత్రం సందేశంలో కొంత నిజం ఉంది. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనలపై పన్ను వేసే అంశాన్ని రాష్ట్ర జాబితా నుంచి తొలగించింది. కాబట్టి బోర్డు ఫీజు పేరుతో కార్పొరేషన్ పన్ను వసూలు చేస్తోందా అని అడిగే హక్కు మనకుంది. లెక్క ఎలా కట్టారో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. అయితే పన్ను వేసే అధికారం వేరు, రోడ్డు మీదికి వేలాడే బోర్డు గాలివానకు ఎవరి తలమీదా పడకుండా చూసే అధికారం వేరు. రెండోది ఎక్కడికీ పోలేదు. బోర్డు మీద దుకాణం పేరు తెలుగులో ముందు రాయాలన్న నియమం కూడా దుకాణాల చట్టం కిందిదే, జీఎస్టీతో దానికి సంబంధం లేదు. నోటీసు చింపేస్తే జవాబిచ్చే గడువు పోతుంది, నష్టపోయేది మనమే. బండి ఆమెకు నోటీసు అక్కరలేదనీ, మనకొచ్చిన నోటీసు చెల్లదనీ ఒకే సందేశంలో రాసిన మనిషికి న్యాయం అంటే ఏమిటో నేను అడగదలచుకున్నాను.

ఫుడ్ ట్రక్కుల విషయంలో ఆ మిత్రులతో నేను ఏకీభవించే చోటు ఒకటుంది. 2014 చట్టం రక్షణ వేరే జీవనాధారం లేక, తానో తన కుటుంబమో స్వయంగా అమ్ముకునే మనిషికి. సర్టిఫికెట్‌ను కిరాయికి ఇవ్వడం కూడా కుదరదు. నాలుగు ట్రక్కులు కొని రోజు కిరాయికి తిప్పే పెట్టుబడిదారుడికి ఆ రక్షణ వర్తించదు. వాహనాన్ని వంటగదిగా మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి ఉండాలి, లోపల సిలిండర్లు పెట్టుకుని తిరిగే బండికి అది మరీ అవసరం. కాజీపేటలోనైనా వరంగల్‌లోనైనా రైల్వే స్థలంలో నిలిపిన బండికి ఈ చట్టం అసలు వర్తించదు. ఇవి అడిగితే నేనూ సంతకం పెడతాను.

ఫుట్‌పాత్ నడిచేవారిదన్న మాట కూడా సందేశంలో సరైనదే. మా వరుసలో ఏడు దుకాణాలుంటే ఐదింటి స్టాండు బోర్డులు ఫుట్‌పాత్ మీదే ఉన్నాయి. అందులో నాదీ ఒకటి ఉండేది. సోమవారం దాన్ని లోపలికి తెచ్చి గోడకు ఆనించాను.