గీతకు క్షవరం

పటం గీసేవాళ్లకు అసలు తలనొప్పి మనుషులే. వాళ్లుంటే ఊళ్లుంటాయి, ఊళ్లుంటే డొంకదారులుంటాయి, ఒక్కో వాగుకు మూడేసి పేర్లుంటాయి. అందుకే అమెరికా, కెనడాల మధ్య గడ్డి మైదానం పటశాస్త్రానికి దక్కిన వరమని నా నిశ్చితాభిప్రాయం. 1818లో అమెరికా, బ్రిటన్ కూర్చుని, నేల కొలవకుండానే, అక్కడ 49వ అక్షాంశమే సరిహద్దని సంతకాలు చేసేశాయి. కొలవబోతే ఇంకా బేరం సాగుతూనే ఉండేది.

అక్కడ జనం లేరా అని అమాయకులు అడుగుతారు. బ్లాక్‌ఫీట్, లకోటా, మేతీ అనే ఆదివాసీ ప్రజలున్నారు. సంతకం పెట్టలేదు కాబట్టి లేనట్టే లెక్క. అమెరికా సైనికులు కంటికి కనిపించని గీత దగ్గర ఠక్కున ఆగిపోవడం చూసి, దానికేదో మహిమ ఉందనుకున్నారు వాళ్లు. 1877లో లకోటా నాయకుడు సిటింగ్ బుల్ ఆ గీత దాటే కెనడాలో తలదాచుకున్నాడు.

1872లో సర్వే బృందాలు దిగాయి. నక్షత్రాలు చూసి, నిట్టనిలువు దిశ తెలియడానికి తూకం గుండు వేలాడదీసి లెక్కలు కట్టాయి. కొండల బరువు, నేల లోపలి బరువు గుండును కాస్త పక్కకు లాగడంతో గీత అక్కడక్కడా వందల అడుగులు తప్పింది. సరిదిద్దారా? అబ్బే! రాళ్లు పాతిన చోటే సరిహద్దు అన్నారు. తప్పిందల్లా అక్షాంశమే. అడవుల్లో ఆ గీత పొడవునా 6 మీటర్ల వెడల్పున చెట్లు కొట్టించడానికి రెండు దేశాలకూ కలిపి ఓ కమిషన్ కూడా ఉంది. క్రమం తప్పని క్షవరం!

అంతకుముందు 1783లో అమెరికా, బ్రిటన్ ఒప్పందంలో, లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు వాయవ్య కొస నుంచి నేరుగా పడమరకు పోతే మిసిసిపీ నది వస్తుందని రాసుకున్నారు. నది అంత ఉత్తరాన లేదు. ఆ పొరపాటు పుణ్యమా అని మినెసోటా ముక్క ఒకటి, నార్త్‌వెస్ట్ యాంగిల్, కెనడాకు అతుక్కుని మిగిలింది. అక్కడి పిడికెడు జనం రోడ్డు మీద సొంత రాష్ట్రంలోని మిగతా ఊళ్లకు వెళ్లాలంటే రెండుసార్లు సరిహద్దు దాటాలి.

ఇప్పుడు పటం గీసే పని మరీ సులువు. 2007, 2008లలో అమెరికా జనగణన శాఖ రోడ్ల డేటాను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటంలోకి గంపగుత్తగా ఎక్కించారు. పల్లెల్లోని ట్రాక్టర్ జాడలు కూడా చాలాచోట్ల నివాస వీధులైపోయాయి. ఇల్లన్నది లేని అన్ని నివాస వీధులు వృథాగా పడి ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ యాంగిల్ జనాన్ని తీసుకొచ్చి వాటిలో కాపురం పెట్టిస్తే పటమూ నిజమవుతుంది, వాళ్లకు సరిహద్దు టెన్షనూ తప్పుతుంది.