మార్పుల పాఠంల హారతి

ఆరో తరగతికి పదార్థాల మార్పుల పాఠం. మంచు కరిగితే నీళ్లు, గడ్డకడితే మళ్లీ మంచు, గింతే కదా, నోటితోటి చెప్పినా పిల్లలకు ఎక్కుతది. కానీ పైనుంచి మెసేజ్, యాక్టివిటీ చేయించాలె, మార్పుకు ముందొకటి తర్వాతొకటి ఫోటోలు సాయంత్రంలోపు గ్రూపుల పెట్టాలె అని. హన్మకొండ ఎండలకు ఐసు తెస్తే గేటుకాడనే మార్పు అయిపోతది, బడిల ఫ్రిజ్ యాడిది?

అందుకే కర్పూరం. వేడిచేస్తే నీళ్లు కాకుండనే ఆవిరైతది, పైన బోర్లించిన గాజు గరాటుకు తగిలి సల్లబడి మళ్లీ కర్పూరమే అయితది. ఇంట్ల కర్పూరం డబ్బాల మిరియాలెందుకేస్తరు అని అడిగితే "హరించుకపోకుండ సార్" అని అందరు ఒక్కటే మాట. మంచిగనే షురువైంది. ల్యాబుల స్పిరిట్ దీపం ఉన్నది, స్పిరిట్ లేదు, రాసి పంపితే వస్తదన్నరు, వస్తనే ఉన్నది. కొవ్వొత్తి పెట్టి, వంటక్క దగ్గర స్టీలు ప్లేటు తెచ్చిన. గరాటు లోపల తెల్లటి నూగు పట్టుడు మొదలైంది, పిల్లలు మెడలు సాపి చూస్తున్నరు, ఆవిరికి కొవ్వొత్తి మంట అందుకుని భగ్గుమన్నది.

స్టీలు ప్లేటు, నడుమ కర్పూరం, నిలువుగ మంట. భద్రకాళి గుడి చుట్టుపక్కల పెరిగిన పిల్లలు, ఏం చేస్తరు చెప్పుండ్రి? ముందు బెంచి పిల్ల చెప్పులిడిచింది. వెనకనుంచి ఎవడో జామెట్రీ బాక్సు మీద స్కేలుతోటి టంగు టంగుమని గంట. కట్టె బెంచి అంటుకుంటదని పట్టుకారుతోటి ప్లేటు పట్టుకుని నేను వరండాలకు ఉరికితే అందరు లైను కట్టి నా ఎనుక, ఒకడైతే "సార్ నాకు అందలె" అని.

ఎదురుంగ హెడ్మాస్టరు సారు, ఆయన పక్కన తనిఖీకొచ్చిన పెద్దసారు. పెద్దసారు ఫోన్ల మాట్లాడుకుంటనే మంట మీద చెయ్యి తిప్పి కండ్లకద్దుకున్నడు, జేబుల చెయ్యిపెట్టి పది రూపాయల నోటు ప్లేట్ల ఏసిండు.

ఆ నోటు మూలలు ముడుచుకుని, నల్లబడి, బూడిదైతుంటే అందరం నిలబడి చూసినం, ఒక్కడు కదల్లేదు. "సార్, ఇది తిరిగొచ్చే మార్పా?" అని పొట్టోడొకడు, పాఠం విన్నది వాడొక్కడే.

మెమో ఇస్తడేమో అనుకున్న. పెద్దసారు ఫోన్ పెట్టేసి బూడిద చూసి, నన్ను చూసి, "నా నోటు?" అన్నడు. నా జేబుల కెళ్లి తీసిచ్చిన. వద్దనలే, మడతపెట్టి జేబుల పెట్టుకున్నడు.