పక్క క్లాసులో కూర్చోనివ్వండి

ఏడో తరగతి, మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్. విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే, ఫ్యాను తిరుగుతున్నా చొక్కాలు ఒంటికి అంటుకుపోతుంటాయి. వెనక బెంచీలో ఇద్దరు పెన్ను కోసం గుంజుకుంటున్నారు. కొత్త మాస్టారు బల్ల చరిచి 'సైలెన్స్' అంటే నిమిషం ఆగి మళ్లీ మొదలు. అదే క్లాసుకు ఇరవై ఏళ్ల అనుభవమున్న టీచరమ్మ వస్తే ఆమె అరవరు. పాఠం ఆపకుండానే వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడతారు. గొంతు ఇంకాస్త తగ్గిస్తారు. అల్లరివాడి చేతికి సుద్దముక్క ఇచ్చి లెక్క బోర్డు మీద చేయమంటారు.

ఈ ఒడుపు పుస్తకం చదివితే రాదు, చూసి పట్టుకోవాలి. 2025 మెగా డీఎస్సీకి రాష్ట్రం ప్రకటించిన పోస్టులు 16,347. వాటి కోసం ఏళ్ల తరబడి బిట్లు బట్టీపట్టినవారిని నేరుగా నలభై మంది పిల్లల ముందు నిలబెడితే టెన్షన్ పడరా? విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మంచి పనే. కానీ బెత్తం లేకుండా క్లాసు నడిపే పద్ధతిని మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాల్సి వస్తోంది.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. అందులో కొన్ని గంటలైనా స్లైడ్లు చూడటానికి కాకుండా సీనియర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చోవడానికి కేటాయించాలని మా సూచన. వారానికి ఒక్క పీరియడ్ చాలు. మరో పీరియడ్ సీనియరే వచ్చి కొత్తవారి పాఠం చూడాలి. చూసింది టీ తాగుతూ ఇద్దరూ మాట్లాడుకోవాలి తప్ప హెచ్ఎంకో, ఎంఈఓకో రిపోర్టు వెళ్లకూడదు. వెళ్తుందని తెలిస్తే 'నా క్లాసు చేయి దాటిపోతోంది సార్' అని ఎవరు నోరు విప్పుతారు?

సీనియర్లందరూ ఇందుకు పనికిరారు, ఆ మాటా చెప్పుకోవాలి. కొందరి క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది, పిల్లలు మాత్రం బిక్కచచ్చి ఉంటారు. అలాంటివారిని గురువులుగా పెడితే పాత బెత్తమే కొత్త చేతికి వెళ్తుంది. ఎంచుకున్నవారికి బోధనేతర పనులు తగ్గించాలి, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనితో సహా. ఒకే టీచరున్న బడులకు దగ్గరలోని పెద్ద హైస్కూలును జత చేయాలి. జిల్లా విద్యాశాఖ ఈ పీరియడ్లను వచ్చే జూన్ టైంటేబుల్లోనే వేయాలి. విడిగా సర్క్యులర్‌గా పంపితే అది హెచ్ఎం బల్ల సొరుగులోనే ఉండిపోతుంది.