అనివార్య కారణాల వల్ల

ముందే ఒక మనవి. ఈ వ్యాసంలో ఎవరి తప్పూ లేదు. కుక్కను ఇచ్చినాయనది తప్పు కాదు, ఆ సంగతి ఆయనే చెప్పాడు. వాళ్లావిడది కాదు, ఆవిడా అదే చెప్పింది. తెచ్చుకున్న నాది అంతకన్నా కాదు. కుక్క ఇంకా వాంగ్మూలం ఇవ్వలేదు కాబట్టి దాని సంగతి పెండింగ్‌లో ఉంది. ఇలా ఎవరి తప్పూ లేకుండా 18 కిలోల ప్రాణి ఒక ఇంటి హాల్లోంచి లేచి ఇంకో ఇంటి గుమ్మం దగ్గర ఎలా పడుకుందన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

ప్రకటన ఇలా ఉంది: "మీడియం సైజు కుక్క. వయసు నాలుగేళ్లు. చాలా ఫ్రెండ్లీ. టీకాలన్నీ అయ్యాయి. అనివార్య కారణాల వల్ల మంచి ఇంటికి ఇవ్వబడును. నిజంగా ప్రేమించేవాళ్లు మాత్రమే సంప్రదించగలరు."

చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాను. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. తన పేరు ముందే కొట్టేసుకున్నాక గానీ ఎవరూ అంత ధైర్యంగా ఆ మాట రాయలేరు.

మీడియం అంటే ఎంత అన్న దాని మీద కూడా కొంత పరిశోధన చేశాను. సుమారుగా 10 నుంచి 25 కిలోల మధ్య ఉంటే మీడియం కిందికి వస్తుంది. ఇది కాగితం మీది లెక్క. ఇంట్లో లెక్క వేరు. స్నానం అన్న మాట వినపడగానే మంచం కింద అవతలి మూలకు దూరిపోయేంత చిన్నది. రాత్రయ్యాక అదే మంచం మీద అడ్డంగా పడుకుని ఇద్దరు మనుషుల్ని చెరో అంచుకు నెట్టేసేంత పెద్దది. ఈ రెండిటికీ సగటు కట్టి మీడియం అని రాసి ఉంటారు.

ఫ్రెండ్లీ అన్న మాట నిజమే. ఎవరితో అన్నది మాత్రం రాయలేదు. గొడుగుతో కాదు. హెల్మెట్ పెట్టుకున్న వాళ్లతో కాదు. మొరిగే కుక్క కరవదని గేటు బయట నిలబడి మావాళ్లకు ధైర్యం చెబుతూనే, పెద్ద కుక్కకు 42 పళ్లుంటాయన్న సంగతి సరిగ్గా అప్పుడే గుర్తు తెచ్చుకున్నాను. మన కన్నా పది ఎక్కువ. సామెత పుట్టించినాయన ఈ లెక్క చూసుకున్నాడో లేదో.

ఇక అనివార్య కారణాలు. ఇంటాయన మొదట "చిన్న ఇంటికి మారుతున్నామండీ" అన్నాడు. చుట్టూ చూస్తే మారే సూచనలేవీ కనపడలేదు. సర్దిన పెట్టె ఒక్కటీ లేదు. సోఫా మాత్రం కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. టీ కప్పులు పట్టుకొచ్చిన ఇంటావిడ "అలర్జీ అండీ, ఒకటే తుమ్ములు" అంది. భార్యాభర్తలు ముందుగా మాట్లాడుకుని ఉంటే బాగుండేదనిపించింది గానీ, అలర్జీ ఏ వయసులోనైనా మొదలవ్వచ్చని డాక్టర్లే అంటారు కాబట్టి నమ్మాను. కాకపోతే నాలుగేళ్లు ఓపిగ్గా ఆగి, సోఫా వచ్చిన వారంలోనే బయటపడిన అలర్జీ అది. ఆ తుమ్ములు కుక్క వల్లా, సోఫా వల్లా అన్నది వైద్యశాస్త్రమే తేల్చాలి.

ఇక్కడ వ్యంగ్యం పక్కనపెట్టి ఒక మాట. ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, లేదా మంచాన పడి, ఇక చూసుకోలేక ఏడుస్తూ ఇచ్చేవాళ్లు ఉన్నారు. దాని అలవాట్లన్నీ కాగితం మీద రాసిస్తారు, దేనికి భయపడుతుందో చెబుతారు, గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతారు. వాళ్ల గురించి కాదు ఈ వ్యాసం. అర్ధరాత్రి కారు డోర్ తీసి రోడ్డు మీద దించేసి పోయేవాళ్లతో పోలిస్తే ప్రకటన ఇచ్చే ప్రతివాళ్లూ మంచివాళ్లే. సరే, మళ్లీ సోఫా దగ్గరికి వద్దాం.

ఆ సోఫా మీద నన్ను కూర్చోబెట్టి ఇంటాయన ఇంటర్వ్యూ మొదలెట్టాడు. ఇంట్లో ఎంతమంది? పగలు ఎవరైనా ఉంటారా? రోజూ రెండు పూటలా బయట తిప్పగలరా? ఊరికెళ్తే ఎవరు చూస్తారు? అన్నీ మంచి ప్రశ్నలే, అడగాల్సినవే. నాలుగేళ్ల కిందట ఈ ప్రశ్నలు ఆయన్ని అడిగినవాళ్లు లేకపోయారు, అంతే. ఈ సైజు కుక్కలు మామూలుగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతాయి, అంటే ఇంకా ఆరు నుంచి తొమ్మిదేళ్ల బాధ్యత అని వేళ్ల మీద లెక్క చెప్పాడు. చివరికి ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మధ్యలో వదిలేయరు కదండీ?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఒక్క ముడత లేదు. అలాంటి మొహం నాకుంటే ఎన్నికల్లో నిలబడేవాణ్ణి.

1914లో జర్మనీలో, బాన్ నగరానికి దగ్గర్లోని ఓబర్‌కాసెల్‌లో రాయి తవ్వుతుంటే ఒక పాత సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ల నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఒక కుక్కపిల్ల ఉన్నారు. ఆ పిల్ల పళ్లను పరీక్షించిన పరిశోధకులు, అది ఏడు నెలల వయసుకు చనిపోయిందనీ, అంతకుముందు వారాల తరబడి కుక్కలకొచ్చే డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బుతో తీసుకుందనీ, ఎవరో దగ్గరుండి తిండీ నీళ్లూ పట్టకపోతే అన్ని రోజులు బతికేది కాదనీ రాశారు. వేటకు పనికిరాదు. కాపలాకు పనికిరాదు. బయట మంచుయుగం. అంతకంటే అనివార్యమైన కారణాలు ఇంకెక్కడ దొరుకుతాయి? పాపం, వాళ్లకు ప్రకటన ఇచ్చే సౌకర్యం లేకపోయింది.

ఇంటర్వ్యూలో నేను పాసయ్యాను. టీకాల కార్డు చేతికిచ్చారు. మొదటి పేజీ చూస్తే కళ్లు చెమర్చాయి. పేరు బ్రూనో అని రంగు పెన్నుతో రాసి పక్కన పాదం గుర్తు గీశారు. ఏ తారీఖున ఏ టీకా, ఎప్పుడు నులిపురుగుల మందు, బరువెంత, అన్నీ వరసగా ఉన్నాయి. రెండో ఏడాది నుంచి తెల్లకాగితం. రేబిస్ బూస్టర్ గడువు దాటి చాలా కాలమైంది. "టీకాలన్నీ అయ్యాయి" అంటే ఇక వేయించే ఉద్దేశం అయిపోయిందని అర్థం చేసుకోవాలి కాబోలు. కార్డు కూడా, కుక్కలాగే, పిల్లగా ఉన్నప్పుడే ముద్దొచ్చింది.

"చిప్ కూడా ఉందండీ, ఎక్కడున్నా తెలిసిపోతుంది" అన్నాడాయన గర్వంగా. ఈ నమ్మకం చాలామందిలో ఉంది. భుజాల మధ్య చర్మం కింద పెట్టే ఆ బియ్యపు గింజంత చిప్‌కు బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. స్కానర్ పెడితే 15 అంకెల నంబరు ఒకటి చూపిస్తుంది, అంతే. ఆ నంబరు కింద ఎవరి ఫోన్ నమోదై ఉంటే వాళ్లకు కబురు వెళ్తుంది. అంటే పేరు మార్పించకపోతే, రేపు ఈ కుక్క తప్పిపోయి ఎవరికైనా దొరికినప్పుడు నాకు కాక, దాన్ని వదిలించుకున్న ఈయనకే "మీ కుక్క దొరికిందండీ, వచ్చి తీసుకెళ్లండి" అని శుభవార్త అందుతుంది. ఈ ఊహ నాకు ఎంతో హాయినిచ్చినా, మర్నాడే మార్పించేశాను.

సామాన్లలో ఒక గిన్నె, సగం సంచీ తిండి, ఒక పాత టవల్ వచ్చాయి. సగం సంచీని నేను పిసినారితనం అనుకున్నాను. తిండి ఒక్కసారిగా మారిస్తే కడుపు పాడవుతుందనీ, పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలనీ డాక్టర్ చెప్పాక తెలిసింది, ఆ ఇంటి నుంచి వచ్చినవాటిలో అత్యంత విలువైనది అదేనని. రెండో విలువైన వస్తువు ఆ టవల్. దాన్ని నేను వచ్చిన సాయంత్రమే, కంపు కొడుతోందని, మంచి సువాసన గల పౌడరుతో రెండుసార్లు ఉతికి ఆరేశాను. మన ముక్కులో వాసన పట్టే కణాలు అరకోటికి కొంచెం అటూ ఇటూ ఉంటే కుక్క ముక్కులో పది కోట్లకు పైనే ఉంటాయి. దాని నాలుగేళ్ల ఇల్లంతా ఆ టవల్‌లోనే ఉంది. నేను మల్లెపూల వాసన చేసి ఇచ్చాను. బ్రూనో దాన్ని ఒక్కసారి మూచూసి, నా వైపు చూసి, వెళ్లి గుమ్మం దగ్గర పడుకుంది.

ఆ వారమంతా నేను కనపడిన ప్రతివాడికీ "కుక్కను రెస్క్యూ చేశాను" అని చెప్పుకుని తిరిగాను. చెప్పుకోవడానికి బాగుండే మాట. అది ఏసీ గదిలోంచి, మెత్తటి పరుపు మీది నుంచి, ఫ్యాను కూడా కిర్రుమనే మా ఇంటికి వచ్చింది. దేన్నుంచి కాపాడానో ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

కృతజ్ఞత కోసం మూడు గంటలు ఎదురుచూశాను. కుక్కల సంరక్షకులు మాత్రం మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక అంచనా చెబుతారు. మూడు రోజులు బెదురు పోవడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి పట్టుబడటానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి. ప్రభుత్వ కమిటీ గడువులా ఉంది కదా అనుకున్నాను. కమిటీ గడువులాగే పెరిగింది కూడా. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. చెవిలో ఏదైనా సమస్య ఉందేమోనని టెన్షన్ పడుతుంటే, వంటింట్లోంచి మా ఆవిడ ఎవరితోనో ఫోన్‌లో "వద్దు వద్దు" అంది. వెంటనే బ్రూనో లేచి పరిగెత్తింది. పాపం ఆఖరి ఏడాది దాన్ని ఎక్కువగా పిలిచిన పేరు అదే అయి ఉంటుంది.

కుక్క విశ్వాసం గల జంతువు అని చిన్నప్పుడు మనమంతా వ్యాసం రాశాం. ఎదుటివాడు ఏం చెయ్యాలన్న రెండో పేరా మనచేత ఎవరూ రాయించలేదు. విశ్వాసం అనగానే హచికో పేరెత్తుతాం. 1925లో యజమాని చనిపోతే, 1935లో తాను చనిపోయేదాకా టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన కుక్క. ఆ కథలో మనం దాటేసే ముక్క ఒకటుంది. యజమాని పోయాక హచికోను వేరేవాళ్ల ఇళ్లకు ఇచ్చారు. అది తప్పించుకుని మళ్లీ స్టేషన్‌కే వచ్చేది. అంటే హచికో కూడా మంచి ఇంటికి ఇవ్వబడిన కుక్కే. 1934లో, బతికుండగానే, విగ్రహం పెట్టారు. ఆవిష్కరణకు అది కూడా హాజరైంది. మా గుమ్మం దగ్గర అంత చోటు లేదు గానీ, మొదటి మూడు వారాలూ మాకు విగ్రహం ఉన్నట్టే ఉండేది.

నాలుగో వారంలో విగ్రహం కదిలి నా చెప్పు కొరికేసింది. కొత్త జత. నేను అరవగానే చెవులు వెనక్కి వాల్చి, తల దించి, ఓరగా చూసింది. "చూడు, తప్పు చేశానని దానికి తెలుసు" అన్నాను. తెలియదట. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ మొహం మీదే ప్రయోగం చేసింది. కుక్క తినొద్దన్నది తిన్నా, తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ మొహం వచ్చింది. ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఇంకా ఎక్కువగా వచ్చింది. ఆ దీనమైన చూపుకు కారణం చేసిన తప్పు కాదు, తగిలిన కేక.

ఇది చదివాక ఇంటర్వ్యూ నాటి ఆ నున్నటి మొహం రహస్యం నాకు బోధపడింది. ఆయన్ని ఎవరూ తిట్టలేదు. మర్యాదగా టీ తాగి వచ్చేశాం.

నలభయ్యో రోజు ఆయన ఫోన్ చేశాడు. నేను ట్వీజర్ పట్టుకుని బ్రూనో చెవి లోపల గోమార్లు తీస్తున్నాను. చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా లాగాలి. రెండు చేతులూ ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"ఎలా ఉన్నాడండీ మావాడు?"

చెవి నా వేళ్లలోంచి జారిపోయింది. బ్రూనో లేచి నిలబడ్డాడు.

"బావున్నాడండీ."

"మమ్మల్ని మర్చిపోయుంటాడు లెండి."

వాడు ఫోన్ దగ్గరికెళ్లి ముందువైపు మూచూశాడు. ముక్కుతో నెట్టి తిరగేసి వెనకవైపు చూశాడు. తలుపు దాకా వెళ్లి, నిలబడి, మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చాడు.

"మర్చిపోయాడండీ" అన్నాను.

"అదే మంచిది. అన్నట్టు ఆ చిప్‌లో మా నంబరు తీసేశారు కదా? ఎవరైనా ఫోన్ చేస్తే మళ్లీ మాకు తలనొప్పి."

తీసేశానని చెప్పాను. అలర్జీ ఎలా ఉందని అడిగితే, "ఏ అలర్జీ అండీ?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక తెర నల్లబడేదాకా వాడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను కింద పడిన ట్వీజర్ వెతుక్కుంటున్నాను. కాసేపటికి వచ్చి, గోమారు మిగిలిపోయిన చెవి నా వైపుకే ఉండేలా తల తిప్పి, నా మోకాలి మీద పెట్టాడు.