తెర మూల నిలిచిన హెచ్చరిక గారికి బహిరంగ లేఖ

చూలైమేడు, చెన్నై.

మహారాజశ్రీ హెచ్చరిక గారి దివ్యసముఖమునకు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆచారం గనక అలాగే మొదలుపెడుతున్నాను గాని, తమరి కుశలానికి లోటేముంది? రోజూ రాత్రి భోజనాలయ్యాక మా టీవీ తెర మూలన దర్శనమిస్తూనే ఉన్నారు.

తమరు మరిచిపోయి ఉంటారు గాని మన పరిచయం పాతది. ఈ ఊళ్ళో దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. ఆ తరవాత పన్నెండేళ్ళకు, కోడంబాక్కంలో మేం ఒక వాటా అద్దెకు తీసుకుని ఉంటున్న రోజుల్లో, ఇంటిగలావిడ ముందుగదిలో నాలుగు కాళ్ళ చెక్కపెట్టె టీవీ ఒకటి ఉండేది. ఆవిణ్ణి అందరం మామి అనేవాళ్ళం. పెట్టె మీద తంజావూరు బొమ్మ, బొమ్మ కింద కుట్టుపని చేసిన గుడ్డ, పక్కన గుర్రుమంటూ స్టెబిలైజరు ఉండేవి. పెట్టె వెనక అట్టకు గాలి ఆడేందుకు తొలిచిన కంతల కింద ఎర్రటి మెరుపు గుర్తూ, మూత తెరవవద్దన్న ఇంగ్లీషు వాక్యమూ అచ్చువేసి ఉండేవి. అదే తమరి తొలి అవతారం. మొహం గోడవైపు పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా నిలబడి, తమరు చెప్పిన ఆ ఒక్క మాటా అక్షరాలా నిజం. లోపలి పిక్చర్ ట్యూబు వేల వోల్టుల మీద నడిచేది. స్విచ్చి కట్టేసిన తరవాత కూడా కాసేపు ఆ విద్యుత్తును కడుపులో దాచుకుని, తెలియక చెయ్యిపెట్టినవాణ్ణి విసిరికొట్టేది.

ముందువైపు పెత్తనమంతా మామిది. పెట్టెకు పక్కలకు జరిగే చెక్క తలుపు ఉండేది, దానికి తాళం, ఆ తాళంచెవి ఆవిడ బొడ్లో. కళ్ళు పాడవుతాయని తెరకు నాలుగు బారల దూరంలో ముగ్గుపిండితో ఒక గీత గీసి, పిల్లలెవరూ దాన్ని దాటరాదని శాసించింది. 1987లో ఆదివారం ఉదయాలు రామాయణం వస్తుంటే తెరమీద సీతమ్మవారు గీత దాటారు గాని, ఇవతల మేం దాటలేదు. ఇక శుక్రవారం సాయంత్రం సినిమా పాటల కార్యక్రమంలో నాయికా నాయకులు చెట్టుచాటుకు వెళ్ళబోతే, మామి లేచివెళ్ళి ఆ చెక్క తలుపును సర్రున మూసేసేది. బొమ్మ ఆగేది, పాట ఆగేది కాదు. తలుపు వెనక ఏం జరుగుతోందో మా ఊహకే వదిలేసిన ఆ ఏర్పాటు ఎంత ప్రమాదకరమైనదో ఆవిడకు తెలియదు. పాట అయిపోయాక తలుపు తీసేసరికి వార్తలు వస్తుండేవి.

ఆ రోజుల్లో తెరమీద మాకు కనపడిన అధికారిక ప్రకటన ఒక్కటే: 'తడంగలుక్కు వరుందుగిరోం', అంటే అంతరాయానికి చింతిస్తున్నాము. అది హెచ్చరిక కాదు, క్షమాపణ. నెల్లూరు జిల్లా నుంచి కాపురానికి వచ్చిన మా అమ్మ తమిళ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఆ అట్ట మీదే. అది అంతంతసేపు నిలిచేది మరి.

అంత అణకువగా గోడవైపు తిరిగి ఉన్న తమరు ముందుకు ఎప్పుడు వచ్చారో, ఎంత బలగంతో వచ్చారో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఐటీ నిబంధనలతో ఓటీటీ కార్యక్రమాలన్నీ యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అని ఐదు వర్ణాలుగా విడిపోయాయి. ఆ అంకె పక్కన హింస, భయం, భాష అంటూ ఏమేం ఉన్నాయో చెప్పాలన్నారు. 13+ నుంచి పైవాటికి పిల్లలు చూడకుండా తాళం వేసుకునే సదుపాయం ఉండాలన్నారు. బాగుంది. మా ఇంట్లో ఆ తాళం వేయడం నాకు చేతకాక మా పన్నెండేళ్ళ అమ్మాయి చేత వేయించాను. మామి బొడ్లోని తాళంచెవికి ఉన్న విలువ ఈ తాళం తెరిచే నాలుగంకెల పిన్నుకు ఎందుకు రాలేదో తమరే ఆలోచించాలి.

తమరి భాష గురించి కూడా ఒక్క మాట మనవి చేసుకోవాలి. జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మా నాన్నగారు మొన్న తెరమూల తమరిని చదివారు. 'యూఏ 16+: హింస, బలమైన భాష' అని ఉంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "బలమైన భాషట! ఈ రోజుల్లో కూడా ఉందన్నమాట. తిక్కన సోమయాజి పద్యాలేమైనా చదువుతారేమో, ఉండు," అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. రెండో నిమిషంలో ఒక పాత్ర రెండో పాత్ర తల్లిని గురించి నోరు తెరిచింది. నాన్నగారు కాసేపు మౌనంగా ఉండి, "ఇందులో బలం ఎక్కడుందిరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. బూతు అనే రెండక్షరాల మాట మన భాషలో ఉండగా, తమరు ఇంగ్లీషు నుంచి మాటకు మాట తెచ్చి ఎనభై దాటిన మనిషిని ఆశపెట్టడం ధర్మమా?

పొగాకు విషయంలో తమరి చిత్తశుద్ధిని నేను శంకించను. ఏళ్ళ తరబడి సినిమాల్లో సాగుతున్న పని 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీల్లోనూ తప్పనిసరైంది: మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి కనీసం 30 సెకన్ల ప్రచార చిత్రాలు, పాత్ర పొగతాగినంతసేపూ అడుగున తెల్లని నేలమీద నల్లని అక్షరాలు. పొగాకు మనుషుల్ని చంపుతుందన్నది నిజం, పెట్టె వెనక మెరుపు గుర్తంత నిజం. నాకు అర్థం కానిదల్లా తమరి తూకం. ప్రతినాయకుడు సిగరెట్టు వెలిగించి, ఆ అగ్గిపుల్లతోనే ఒక ఊరికి నిప్పుపెడతాడు. సిగరెట్టు వెలిగినంతసేపు తమరు అడుగున నిలబడి కాన్సరు గురించి చెబుతారు. ఊరు తగలబడుతున్నంతసేపు మాత్రం కనపడరు.

వార్తల దగ్గర తమరి నడవడి మరీ చిత్రం. 'ఈ దృశ్యాలు మిమ్మల్ని కలచివేయవచ్చు' అని ఒకసారి మర్యాదగా సెలవిచ్చి, ఆ లారీ ఆ మోటారుసైకిలును గుద్దడాన్ని వరసగా పదిహేనుసార్లు చూపించనిస్తారు. పదహారోసారి ఎర్రని వలయం గీసి మరీ చూపించనిస్తారు. సాయంత్రం సీరియల్లో అత్తగారు కోడలి పాయసంలో విషం కలుపుతున్నప్పుడు మూలన అంకె లేదు, మాట లేదు. పాత్రలన్నీ కల్పితమని ముందే చెప్పేశారు గనక విషం కూడా కల్పితమే కాబోలు. కేసు పడితే చూపించుకోవడానికి కావలసిన కాగితం ఒకటుంటుంది చూడండి, తమరిని పనిలో పెట్టుకున్నవాళ్ళకు కావలసింది అంతవరకేనని నాకు అనుమానం.

పూర్వం రాజు సభకు వస్తుంటే ముందు నడిచేవాళ్ళు 'బహుపరాక్' అనేవారు. పరాకు అంటే అప్పట్లో జాగ్రత్త అనే. ఇవాళ అదే మాటకు ఏమరుపాటు అని అర్థం. పరాకుగా ఉన్నాడంటే ధ్యాస ఎక్కడో ఉందని. రోజూ అరిచీ అరిచీ ఆ మాటకు ఆ గతి పట్టిందో ఏమో నాకు తెలియదు గాని, తమరు కనపడ్డప్పుడల్లా మా ఇంట్లో జరిగేది చూస్తుంటే అలాగే అనిపిస్తుంది. 7+ అని ఉంటే మా అమ్మాయి తలెత్తదు. 16+ అనగానే ఫోను కింద పెడుతుంది.

నిన్న రాత్రి కూడా పెట్టింది. తమరు ప్రత్యక్షమై, మాయమై, కథ మొదలవబోతూ ఉండగా నెట్టు నిలిచిపోయి, నల్లని తెరమీద ఒక తెల్లని వలయం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు చూసిన మా అమ్మ నావైపు తిరిగి, "వరుందుగిరోం అని వెయ్యరటరా?" అని అడిగింది.

ఇట్లు,
ముగ్గుగీతకు ఇవతల కూర్చున్న
తమరి విధేయుడు