ప్రొఫెసర్ గారూ, ఇచ్ఛాపురం దాటి రండి

ఏటా ఆగస్టు 29న యూనివర్సిటీల తెలుగు శాఖల్లో గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ పడుతుంది. వాడుక భాష గొప్పతనం గురించి నలుగురు మాట్లాడతారు, అందులో ఇద్దరు గ్రాంథికంలోనే మాట్లాడతారు. టిఫిన్లయ్యాక ఎవరి క్లాసుకు వాళ్లు పోతారు. ఆయన ఏ ఊళ్లో బతికాడు, బడి గంట కొట్టాక సాయంత్రాలు ఏం చేశాడు అన్నది ఆ సభల్లో వినపడేది తక్కువ. ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వాళ్లకు మాత్రం అసలు కథ అదే.

రాజావారి స్కూల్లో ఆయన పంతులుగా చేరింది 1880లో. ఆయన సబ్జెక్టు చరిత్ర. ముఖలింగం గుడిలో శాసనాలు చదవాలనిపించి పాత లిపులు తనకు తానే నేర్చుకున్నాడు. కొండ దిగి వచ్చే సవర గిరిజనుల మాట తెలుసుకోవాలనిపించి, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని భాష పట్టాడు. కొండలెక్కాడు, మలేరియా తెచ్చుకున్నాడు, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. అప్పటికి ఆయన రిటైరై ఇరవై ఏళ్లు. నిఘంటువు 1938లో వచ్చింది. చరిత్ర, శాసనాలు, భాషాశాస్త్రం, గిరిజన విద్య... ఇవాళైతే ఇది నాలుగు డిపార్ట్‌మెంట్ల పని. ఆయన సొంత ఖర్చుతో, సొంత తీరికలో చేశాడు.

విచిత్రం ఏమిటంటే, అదే 1880లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ తన ప్రొఫెసర్లకు ఏడేళ్లకోసారి ఏడాది సెలవిచ్చే పద్ధతి మొదలుపెట్టింది. సబ్బాటికల్ అంటున్నది దాన్నే. ఇప్పుడది మన దగ్గరా ఉంది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు నిండితే పూర్తి జీతంతో ఏడాది దాకా వెళ్లవచ్చు. మొత్తం సర్వీసులో రెండేళ్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మాత్రం లేదు. కాళ్లలో సత్తువ ఉన్న వయసులో సెలవు ఉండదు, మోకాళ్ల నొప్పులు వచ్చాక ఉంటుంది. సరే, ఉన్నదాన్నయినా ఎలా వాడుకుంటున్నాం?

నేను చూసినంతలో ఎక్కువమంది సగంలో ఆగిన పాఠ్యపుస్తకం పూర్తి చేసుకుంటారు. కొందరు పిల్లలున్న దేశంలోనే ఏదో యూనివర్సిటీకి విజిటింగ్ వెళతారు. దూరపు కొండలు నునుపు. నేను వాళ్లను తప్పుపట్టడం లేదు, మనవళ్లను చూసుకోవాలని ఎవరికుండదు! కానీ ప్రజల డబ్బుతో ఇచ్చే ఆ ఏడాదిని ఎక్కడ గడపాలి అని నన్నడిగితే ఒక్క మాట చెబుతాను. ఏ ఒక్క సబ్జెక్టుకూ లొంగని సమస్యలు ఉన్నచోట గడపాలి. అలాంటి చోటు శ్రీకాకుళం నుంచి గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ దాకా ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల అంచునే ఉంది. ఇక్కడికి వచ్చి మొదటి ఆరు నెలలూ పక్కవాడి భాష నేర్చుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు పాడైపోతున్న కథ తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు వచ్చాయి. అయినా డాక్టర్ల భాషలో ఆ జబ్బు పేరు నేటికీ ‘కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి’. పేరులోనే ఒప్పుకోలు ఉంది. శ్రీలంకలో అనురాధపురం వైపు, మధ్య అమెరికా చెరకు తోటల్లో, ఒడిశాలోనే కటక్ జిల్లా నర్సింగ్‌పూర్, బడంబా ప్రాంతాల్లో ఇలాంటి జబ్బే ఉంది.

భూగర్భ శాస్త్రవేత్త వచ్చి నూతి నీళ్లు సీసాలో పట్టుకుపోయాడు. డాక్టరు రక్తం తీసుకున్నాడు. వ్యవసాయ శాస్త్రవేత్త పురుగుమందుల లెక్క అడిగాడు. జన్యుశాస్త్రవేత్త మేనరికాల గురించి అడిగాడు. ఎవరి పేపరు వాళ్లు రాసుకున్నారు. ఎవరికి వారే యమునా తీరే. మిట్టమధ్యాహ్నం జీడితోటలో పనిచేసే ఆడకూలీ ఎన్ని గంటలకోసారి నీళ్లు తాగుతుంది? చాటు లేక తాగడమే తగ్గిస్తుందా? ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే బిళ్ల వారానికి ఎన్ని మింగుతుంది? ఈ ప్రశ్నలు రక్తపరీక్షలోనూ నీటిపరీక్షలోనూ దొరకవు. ఆ ఊళ్లో ఒక వేసవి, ఒక వానాకాలం ఉన్నవాడికి దొరుకుతాయి. పది రోజుల ఫీల్డ్ ట్రిప్‌లో అది అయ్యే పని కాదు, ఏడాది కావాలి.

ఇంకొక సంగతి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా గంజాం జిల్లా. గీత దాటగానే నేల మారిపోదు, ఎండ తగ్గదు. మరి జబ్బు గీత దగ్గర ఆగిందా, ఆగితే ఎందుకు ఆగింది? ఆ జవాబులో కారణం దాగి ఉండవచ్చని నా అనుమానం. అది తేలాలంటే ఇటు ఊరి ఆశా కార్యకర్తతో తెలుగులో, అటు ఊరి ఆశా కార్యకర్తతో ఒడియాలో కూర్చుని మాట్లాడగలిగే ఒకే మనిషి కావాలి.

నా మిత్రుడొకడు సరిగ్గా ఈ పనికే దరఖాస్తు పెట్టాడు. జియాలజీ ప్రొఫెసర్. సరిహద్దుకు రెండు వైపులా నూతులు, నీళ్లు, తాగే అలవాట్లు కలిపి చూస్తాను, ఒక డాక్టరూ ఒక సోషియాలజీ మేడమూ తోడుంటారు అని రాశాడు. ఏ యూనివర్సిటీయో చెప్పను. కమిటీలో ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, “ఇందులో రాళ్లెక్కడున్నాయయ్యా?” అని అడిగాడట. ఫైలు వెనక్కి వచ్చింది. మరుసటి ఏడాది అదే ప్రొఫెసర్ తన పాత సబ్జెక్టులోనే ఒక పుస్తకం రాస్తానంటే వారంలో సంతకాలయ్యాయి. పుస్తకం వచ్చింది. ఎవరు చదివారని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

కొత్త విద్యా విధానం 2020లో వచ్చింది. 2040 నాటికి ఉన్నత విద్యాసంస్థలన్నీ బహుళశాస్త్ర సంస్థలైపోవాలంటుంది. మాట బాగుంది. లెక్క చూడండి. అదే యూజీసీ 2018 నిబంధనల్లో ప్రమోషన్లకు లెక్కేసే పాయింట్ల పట్టికలో ఇద్దరు కలిసి పేపరు రాస్తే చెరో 70 శాతం. ఇద్దరికి మించితే ముఖ్య రచయితకు 70, మిగతా ప్రతివాడికీ 30. నూతి నీళ్ల పేపర్లో డాక్టరు ముఖ్య రచయిత అయితే, ఆర్నెల్లు ఊళ్లో ఉండి వచ్చిన సోషియాలజీ మేడమ్‌కు దక్కేది 30. ఒంటరిగా గదిలో కూర్చుని రాసుకున్నవాడికి 100. తెలివైనవాడు ఎటు వెళతాడు? యూజీసీ 2025 జనవరి ముసాయిదా ఈ పాయింట్ల గోల వదిలించుకుంటామంది. కాగితం మారినంత సులువుగా కమిటీలో పెద్దాయన మారతాడని నాకు నమ్మకం లేదు.

అసలే పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఉన్నవాళ్లనూ ఊళ్లమీదికి పంపితే పాఠాలెవరు చెబుతారు, పైగా అన్ని సబ్జెక్టుల్లో వేలుపెట్టేవాడికి ఏ సబ్జెక్టూ లోతుగా రాదు అనేవాళ్లున్నారు. ఖాళీల మాట నిజమే, వాటిని నింపాల్సింది ప్రభుత్వం. సెలవు ఆపితే ఖాళీలు నిండవు. ఇక లోతు విషయానికి వస్తే, సవర భాషలో గిడుగు వారి కంటే లోతుకు వెళ్లిన చరిత్ర మాస్టారు ఎవరో చూపించమనండి.

భాష దగ్గరికి వద్దాం. నా మనసు ఎప్పుడూ అక్కడికే పోతుంది, మన్నించాలి. ఒకసారి శ్రీకాకుళం వైపు ఊళ్లో ఓ సర్వే కుర్రాడు “అవ్వా, రాగులు వేస్తారా?” అని అడిగాడు. లేదు బాబూ అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలో చేట ఉంది, చేటలో చోళ్లున్నాయి. కుర్రాడు ‘లేదు’ అని టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. కొండెక్కి కొరాపుట్ పోతే అదే గింజ మాండియా. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ నడుపుతోంది. దాని మంచిచెడ్డలు మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చూసి రావాలంటే కనీసం ఆ మూడు పేర్లూ ఒకటేనని తెలియాలి కదా. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మనకు ఆ కూర పేరే తెలియదు.

సవర పిల్లల గతి ఇంకా చిత్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. అది ఓర్వలేక గిడుగు వారు రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది మంగేయి గొమాంగో సవర భాషకు సోరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశాడు. ఇవాళ ఆ లిపి ఒకటుంది, అటు ఒడియా లిపి, ఇటు తెలుగు లిపి, చర్చి పుస్తకాల్లో రోమన్ లిపి. ఒక కొండకు అటూ ఇటూ ఉన్న అక్కాచెల్లెళ్ల పిల్లలు ఒకే భాష మాట్లాడతారు, ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. ఇది భాషాశాస్త్ర సమస్యా, విద్యా సమస్యా, రాజకీయమా? ఏ డిపార్ట్‌మెంట్ తలుపు కొట్టాలి?

అలాగని ఇక్కడ యూనివర్సిటీలకు కరువు లేదు. బరంపురంలో 1967 నుంచి ఒకటి ఉంది. ఎచ్చెర్లలో 2008లో, కొరాపుట్‌లో 2009లో, విజయనగరంలో గిరిజన యూనివర్సిటీ 2019లో వచ్చాయి. ఎచ్చెర్ల నుంచి పర్లాకిమిడికి రెండు గంటల ప్రయాణం. ఇద్దరేసి ప్రొఫెసర్లను, అటొకరిని ఇటొకరిని, వేర్వేరు సబ్జెక్టుల వాళ్లను జత చేసి ఒకే సమస్య మీద ఒకే ఏడాది సెలవిస్తే ఖజానా కూలిపోదు. దరఖాస్తు చూసే కమిటీలో సొంత డిపార్ట్‌మెంట్ వాళ్లు ఉండకూడదు. ఏడాది చివర రిపోర్టును ఆ ఊళ్లో, ఆ ఊరి భాషలో చదివి వినిపించాలి. నేను అడిగేది ఇంతే.

భాష నేర్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు అంటారా? బరంపురం బజారులో మా తెలుగు బట్టల కొట్టువాడు కస్టమర్ మొహం చూసి తెలుగు, ఒడియా, హిందీ మార్చి మార్చి మాట్లాడతాడు. ఒడిశా తెలుగు ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒడియా మాత్రం గలగలా చదువుతారు. ఆంధ్రా వైపు సభల్లో వీళ్లను ‘ప్రవాసాంధ్రులు’ అని జాలిపడటం నాకు ఒళ్లుమంట. వీళ్లు ఎక్కడికీ ప్రవాసం పోలేదు, గీతే వీళ్ల మీదుగా పోయింది. వచ్చే ప్రొఫెసర్‌కు ఈ పిల్లలను దుబాసీలుగా పెట్టి నాలుగు రూపాయలు ఇవ్వండి. అతను పిల్లకు తెలుగు అక్షరాలు చెబుతాడు, పిల్ల అతనికి ఒడియా చెబుతుంది.

ఆ జియాలజీ మిత్రుడు నిరుడు రిటైరయ్యాడు. పెన్షన్ డబ్బుతో నోటుపుస్తకం, నీళ్ల సీసాలు పట్టుకుని గీతకు రెండు వైపులా తిరుగుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, “ఒరే, నూతిని ఒడియాలో కూఅ అంటారట, తెలుసా?” అన్నాడు. తెలుసన్నాను. “చదవడం రావట్లేదురా, అన్నీ గుండ్రంగా మన అక్షరాల్లాగే కనపడుతున్నాయి” అన్నాడు. బరంపురం నుంచి ఒకటో తరగతి ఒడియా వాచకం తెప్పించాను. ఆదివారం గుణుపురం రైలెక్కి నౌపడాలో దిగి ఇచ్చి రావాలి.